రాత్రి భూమిని చూసి ఏం చెప్పగలం?

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ ఒంటరిగా భూమి చుట్టూ తిరుగుతుంటే, ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని పెర్త్ నగరవాసులు ఆయన కోసం దీపాలు ఆర్పకుండా ఉంచారు. ఇళ్లలో, దుకాణాల్లో, వీధుల్లో అన్నీ వెలిగించారు. ఆ వెలుగు గ్లెన్‌కు కనిపించింది. దీపాలు వేసినవాళ్లకు తన కృతజ్ఞతలు చెప్పమని రేడియోలో కిందికి కబురు పెట్టాడు. 1998లో, 77 ఏళ్ల వయసులో, డిస్కవరీ షటిల్‌లో ఆయన మళ్లీ అంతరిక్షానికి వెళ్లినప్పుడు పెర్త్ మళ్లీ అదే మర్యాద చేసింది.

అది చూడాలని పంపిన వెలుగు. ఆ తరువాత ఆరు దశాబ్దాలుగా ఉపగ్రహాలు పట్టుకుంటున్నది మాత్రం ఎవరూ ఎవరికీ పంపని వెలుగు. వీధి దీపం నుంచి పక్కకు చెదిరింది, రోడ్డు మీద పడి పైకి ఎగిరింది, హోర్డింగు నుంచి ఆకాశంలోకి పోయింది. దీన్ని చూసి దేశాల ఆదాయం లెక్కగట్టారు. యుద్ధంలో ఎవరి పేట ఖాళీ అయిందో చెప్పారు. ఉప ఎన్నికలొస్తే ఏ నియోజకవర్గానికి కరెంటు ఎక్కువగా అందుతుందో కనిపెట్టారు. పండగలు లెక్కపెట్టారు, పడవలు లెక్కపెట్టారు, నక్షత్రాలు ఎంత మందికి కనిపించకుండా పోయాయో తేల్చారు. ఇందులో ఎంత నమ్మాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ వ్యాసం. నా మటుకు నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. ఈ చిత్రాలు కొలిచేది అభివృద్ధినీ కాదు, జనాన్నీ కాదు. ఒక నిర్ణీత గంటలో, కొన్ని రంగుల్లో, పైకి తప్పించుకున్న కాంతిని కొలుస్తాయి. మిగతాదంతా మనం కట్టే అంచనా. అంచనా అన్నంత మాత్రాన అది తప్పని కాదు. కానీ ప్రతిసారీ ఆ గంటేది, ఆ రంగేది అని అడగాలి.

ఈ శాస్త్రం పుట్టిందే పొరపాటున. అమెరికా వైమానిక దళం 1960ల నుంచి డీఎంఎస్‌పీ అనే వాతావరణ ఉపగ్రహాలను నడిపేది. వాళ్లకు కావలసింది మేఘాలు. రాత్రిపూట కూడా మేఘాలు కనపడాలంటే వెన్నెల చాలాలి. అందుకని మసక వెలుతురును ఎన్నో రెట్లు పెంచి చూపే పరికరం అమర్చారు. పున్నమి రోజుల్లో అనుకున్నట్టే మేఘాలు కనిపించాయి. అమావాస్య దగ్గరపడ్డాక మేఘాలు పోయి, కింద ఊళ్లు బయటపడ్డాయి. సైన్యానికి అవి అడ్డొచ్చే చుక్కలు. 1970ల మొదట్లో ఆ ఫిలిం బయటివాళ్లకు అందుబాటులోకి వచ్చాక శాస్త్రవేత్తలకు అవే అసలు సరుకయ్యాయి. థామస్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు 1973లోనే, ఈ చిత్రాల్లో కొట్టొచ్చినట్టు కనిపించేవి మహానగరాలు కావు, చమురు బావుల దగ్గర వృథాగా తగలబెడుతున్న గ్యాసు మంటలు అని గుర్తించాడు. 1980ల్లో వుడ్రఫ్ సల్లివన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ ఫిలిం ముక్కలను ఏరి కూర్చి ప్రపంచం మొత్తాన్ని ఒకే రాత్రి చిత్రంగా చేశాడు. మనం గోడల మీద చూసే ‘రాత్రి భూమి’ పోస్టర్లకు అదే తాత. అందులో ఒక మాయ ఉంది. భూమి మొత్తం ఒకేసారి చీకట్లో ఉండదు. అలాంటి రాత్రి ఎన్నడూ రాలేదు, రాదు.

1992 నుంచి ఈ సమాచారం డిజిటల్ రూపంలో నిల్వ అయింది. అమెరికా వాతావరణ సంస్థ నోవాలో క్రిస్ ఎల్విడ్జ్ బృందం మేఘాలు, వెన్నెల, అడవి మంటలు తీసేసి, ఏడాది పొడవునా నిలకడగా ఉన్న వెలుగును మాత్రమే మిగిల్చి పటాలు చేసింది. 1992 నుంచి 2013 దాకా సాగిన ఆ వరసే ఆర్థికవేత్తల చేతికి చిక్కింది. అయితే దాని లోపాలు చిన్నవి కావు. వెలుగుకు 0 నుంచి 63 వరకే అంకెలు. నగరం నడిబొడ్డు ఏదైనా 63 దగ్గర ఆగిపోతుంది. ఆబిడ్స్ ఎంత వెలిగినా, న్యూయార్క్ ఎంత వెలిగినా అంతకు మించి పరికరానికి చేతకాదు. తీర నగరాల వెలుగు సముద్రం మీద కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్నట్టు పడేది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆ పరికరాన్ని సరిచూసే ఏర్పాటు ఉపగ్రహంలో లేదు. ఒక ఉపగ్రహం పోయి ఇంకోటి వస్తే అదే ఊరు ఉన్నట్టుండి మసకబారినట్టో మెరిసినట్టో కనిపించేది. దీంతో పని చేసినవాళ్లంతా ముందు నెలల తరబడి ఈ అంకెలను ఒక దారికి తెచ్చుకోవలసి వచ్చింది.

2011 అక్టోబరు 28న ఎగిరిన సుయోమీ ఎన్‌పీపీ ఉపగ్రహంతో పరిస్థితి మారింది. అందులోని విర్స్ పరికరం సుమారు 742 మీటర్ల గడిని విడిగా చూడగలదు. నగరం నడిబొడ్డు దగ్గర కళ్లు బైర్లుకమ్మవు. తనను తాను సరిచూసుకుంటుంది. తరువాత 2017లో, 2022లో అదే కుటుంబానికి చెందిన మరో రెండు ఉపగ్రహాలు పైకెళ్లాయి. నాసా ‘బ్లాక్ మార్బుల్’ పేరుతో ఇస్తున్న రోజువారీ రాత్రి చిత్రాలకు ఇదే ఆధారం. చైనా ఇంకొక అడుగు ముందుకేసింది. 2018లో వుహాన్ విశ్వవిద్యాలయం పంపిన లువోజియా-1 సుమారు 130 మీటర్ల దాకా, 2021లో పంపిన ఎస్‌డీజీశాట్-1 పదుల మీటర్ల దాకా దిగాయి. ఎస్‌డీజీశాట్‌లో రంగులు కూడా తెలుస్తాయి. ఈ రంగుల సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మన దేశపు లెక్క మొత్తం అక్కడే తేడా కొడుతోందని నా అనుమానం.

ముందు డబ్బు సంగతి. వెర్నన్ హెండర్సన్, ఆడమ్ స్టోరీగార్డ్, డేవిడ్ వైల్ 2012లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ రంగానికి తలుపు తెరిచింది. వాళ్లు చూపిన ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది మడగాస్కర్‌లోని ఇలకాకా. 1998లో అక్కడ నీలాలు బయటపడ్డాయి. అంతకుముందు పటంలో నల్లగా ఉన్న చోటు 2003 నాటికి వెలుగు చుక్క అయింది. ఏ గణాంక శాఖా లెక్కించక ముందే జనం, డబ్బు అక్కడికి చేరాయన్నమాట. రువాండాలో 1994 నాటి ఊచకోత ఏడాదిలో వెలుగు పడిపోయి తరువాత లేచింది. స్థూలంగా, ఒక దేశపు వెలుగు 10 శాతం పెరిగితే ఆదాయం దాదాపు 3 శాతం పెరిగినట్టు అన్నది వాళ్లు తేల్చిన నిష్పత్తి. గణాంకాలు బలహీనంగా ఉన్న దేశాల్లో అధికారిక అంకెనూ ఈ వెలుగు అంకెనూ కలిపి సగటు తీస్తే నిజానికి దగ్గరవుతామని వాదించారు. దాదాపు అదే కాలంలో షీ చెన్, విలియం నార్డ్‌హౌస్ ఇంకాస్త ఆచితూచి మాట్లాడారు. లెక్కలు సరిగ్గా రాసుకునే దేశాలకు ఈ వెలుగు కొత్తగా చెప్పేదేమీ లేదు, లెక్కలే లేని చోట మాత్రం ఉపయోగం అన్నారు. నోబెల్ గ్రహీత కూడా అయిన నార్డ్‌హౌస్ మాటే నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

ఆదాయానికి వెలుగును కొలబద్ద చేసినవాళ్లు త్వరలోనే పాలకుల మీదికి తిప్పారు. లూయిస్ మార్టినెజ్ 2022లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రాత్రి వెలుగు ఒకే మోతాదులో పెరిగినా నియంతల దేశాలు ప్రజాస్వామ్యాల కన్నా ఎక్కువ వృద్ధి రాసుకుంటున్నాయి. ఏటా చూపే వృద్ధిని సుమారు 35 శాతం పెంచి చెబుతున్నాయని ఆయన అంచనా. రోలాండ్ హోడ్లర్, పాల్ రాష్కీ 2014లో ఇంకో విషయం పట్టుకున్నారు. అధికారంలోకి వచ్చిన నాయకుడి సొంత ప్రాంతం ఆయన గద్దె మీద ఉన్నంతకాలం ఎక్కువగా వెలుగుతుంది. జైర్‌లో మొబుటు తన ఊరు గ్బడోలిటేకు ఏం చేశాడో తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. తెలుగునాట ముఖ్యమంత్రుల సొంత జిల్లాల సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు. నేను అంకె లేకుండా నింద వేయను.

మన దేశంలో జరిగిన పనిలో రెండు చెప్పుకోవాలి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ మిన్ 1993 నుంచి 2013 వరకు భారతదేశంలోని దాదాపు 6 లక్షల గ్రామాల వెలుగును రాత్రి రాత్రికీ తీసి పెట్టాడు. తుష్యంతన్ భాస్కరన్, యోగేష్ ఉప్పల్‌లతో కలిసి ఉప ఎన్నికలను పరిశీలించాడు. సాధారణ ఎన్నికల తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ప్రభుత్వం సర్దుకోవచ్చు. ఉప ఎన్నిక అలా కాదు, ఎవరో ఎమ్మెల్యే చనిపోతేనో రాజీనామా చేస్తేనో వస్తుంది. అలా అనుకోకుండా ఎన్నికొచ్చిన నియోజకవర్గాల్లో వెలుగు పెరిగింది. కరెంటు కోత ఎవరికి ఎప్పుడు తగ్గుతుందో మనకు అనుభవంలో తెలుసు. దాన్ని ఆకాశం నుంచి రుజువు చేశారు.

రెండోది పెద్ద నోట్ల రద్దు. 2016 నవంబరు తరువాత అసంఘటిత రంగం ఎంత దెబ్బతిన్నదో కొలిచే అంకె ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే ఆ రంగం లెక్కల్లోనే సరిగ్గా లేదు. గాబ్రియల్ చోడోరో-రైక్, గీతా గోపీనాథ్, ప్రాచీ మిశ్రా, అభినవ్ నారాయణన్ కలిసి జిల్లాలవారీగా కొత్త నోట్లు ఎంత ఆలస్యంగా చేరాయో చూసి, దాన్ని రాత్రి వెలుగుతో పోల్చారు. నోట్లు ఆలస్యమైన జిల్లాల్లో వెలుగు ఎక్కువగా తగ్గింది. ఆ త్రైమాసికంలో ఆర్థిక కార్యకలాపాల వృద్ధి కనీసం 2 శాతం పాయింట్లు కోల్పోయిందని 2020లో ప్రచురించారు. వెలుగును ఎలా వాడాలో చూపించిన పని ఇది. వెలుగు ఎంత అని ఊరికే అడగలేదు. ఎవరికి ముందు దెబ్బ తగిలింది, ఎవరికి తరువాత అని పోల్చి అడిగారు.

ఇక ఎక్కడ ఆగాలో చూద్దాం. జర్మనీ ధనిక దేశం. కానీ జర్మన్ నగరాలు తలకు లెక్కేస్తే అమెరికా నగరాల కన్నా ఎన్నో రెట్లు తక్కువ వెలుగును పైకి వదులుతాయని క్రిస్టఫర్ కైబా బృందం చూపింది. అమెరికన్ సంపాదన అంత ఎక్కువేమీ కాదు, దుబారా ఎక్కువ. వరి పొలం రాత్రి వెలగదు. బోరు మోటారు ఎంత కరెంటు తాగినా ఆకాశానికి కనిపించదు. వ్యవసాయం మీద బతికే కోనసీమ పల్లె, పని దొరక్క వలసపోయిన పాలమూరు పల్లె ఉపగ్రహానికి ఒకే నలుపు కావచ్చు. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న మండలం ధగధగలాడుతుంది, అందులోని జీతాలు ఎవరి ఊరికి పోతున్నాయో తెలియదు. ఇది కుళాయి కింద తడిసిన నేలను చూసి ఇంట్లో ఎన్ని బిందెలు వాడారో చెప్పడం లాంటిది. ఒక్కోసారి సరిగ్గానే చెబుతాం.

పోనీ, ఆ తడి అయినా ఎవరిది? నగరం వెలుగు అనగానే వీధి దీపాలు గుర్తొస్తాయి. 2019లో అమెరికాలోని ట్యూసాన్ నగరం ఒక ప్రయోగానికి ఒప్పుకుంది. కొన్ని రాత్రుల పాటు వీధి దీపాల వెలుతురును రకరకాలుగా తగ్గించి పెంచారు. పైనుంచి ఉపగ్రహం చూసింది. తేలిందేమిటంటే, నడిరాత్రి దాటాక ఉపగ్రహానికి చేరే కాంతిలో వీధి దీపాల వాటా ఐదో వంతుకు మించలేదు. మిగతాదంతా పార్కింగు స్థలాలు, దుకాణాల బోర్డులు, ఇళ్ల ముందు లైట్లు, ఆట మైదానాలు. నగరపాలక సంస్థ లెక్కల్లో లేని దీపాలే ఆకాశంలో ఎక్కువ. ఈ ఒక్క ప్రయోగం వల్ల నాలుగు దశాబ్దాల అంచనాలు మళ్లీ చూసుకోవలసి వచ్చింది.

గంట సంగతి కూడా తక్కువది కాదు. ప్రతి దీపావళికీ మన వాట్సాప్‌లోకి ఒక చిత్రం వస్తుంది. భారతదేశం ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరిసిపోతుంటుంది. దీపావళి రాత్రి నాసా తీసిందని కింద రాసి ఉంటుంది. అది దీపావళీ కాదు, ఒక రాత్రీ కాదు. క్రిస్ ఎల్విడ్జ్ 2003లో చేసిన పటం అది. 1992కు ముందే ఉన్న వెలుగుకు తెలుపు, 1992లో వచ్చినదానికి నీలం, 1998లో చేరినదానికి ఆకుపచ్చ, 2003 నాటికి కొత్తగా పుట్టినదానికి ఎరుపు వేశాడు. ఊళ్లు ఎలా పెరిగాయో చూపడానికి వేసిన రంగులు మనకు మతాబులయ్యాయి. 2012 దీపావళి సమయంలో నాసా అసలు చిత్రాన్ని ప్రచురించి, పండగ అదనంగా తెచ్చే వెలుగు అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత స్వల్పం అని వివరణ ఇచ్చింది. అయినా ఆ పాత పటం ఏటా తిరుగుతూనే ఉంది. విర్స్ మన మీదుగా వెళ్లేది రాత్రి సుమారు ఒంటిగంటన్నరకు. అప్పటికి ప్రమిదల్లో నూనె అయిపోయి ఉంటుంది.

2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు దీపాలు ఆర్పమని ప్రధాని పిలుపునిచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. దేశంలో విద్యుత్ వాడకం ఆ కొద్ది నిమిషాల్లో దాదాపు 31 వేల మెగావాట్లు తగ్గింది. గ్రిడ్ కుప్పకూలకుండా కాపాడిన ఇంజనీర్ల నేర్పు నిజంగా గొప్పది. అంత పెద్ద సంఘటన ఒంటిగంటన్నర ఉపగ్రహానికి జరగనట్టే. అయినా మర్నాడు ‘అంతరిక్షం నుంచి చూసిన భారత్’ అంటూ చిత్రాలు తిరిగాయి.

మరి పండగలు అసలు కనిపించవా అంటే, కొన్ని కనిపిస్తాయి. నాసాకు చెందిన మిగెల్ రోమన్ బృందం క్రిస్మస్ రోజుల్లో అమెరికా నగరాల శివార్లు 20 నుంచి 50 శాతం ఎక్కువగా వెలుగుతాయని చూపింది. అక్కడ అలంకరణ దీపాలు తెల్లవార్లూ వెలుగుతాయి. రంజాన్ నెలలో పశ్చిమాసియా నగరాల్లో బజార్లు, విందులు అర్ధరాత్రి దాటేదాకా సాగుతాయి కాబట్టి అక్కడా పెరుగుతుంది. పండగ ఎంత పెద్దదన్నది కాదు, ఒంటిగంటన్నరకు ఎవరు మేలుకుని ఉన్నారన్నదే ముఖ్యం.

ఇప్పుడు రంగు. విర్స్ రాత్రి పరికరం చూసేది 500 నుంచి 900 నానోమీటర్ల వరకు. పాత సోడియం దీపం పసుపు వెలుగు హాయిగా ఇందులో పడుతుంది. తెల్ల ఎల్‌ఈడీ దీపంలో నీలం పాలు ఎక్కువ, అది 450 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. అక్కడ ఉపగ్రహానికి చూపు లేదు. కాబట్టి సోడియం తీసి ఎల్‌ఈడీ పెట్టిన నగరం ఉపగ్రహానికి మసకబారినట్టు కనిపిస్తుంది. కింద ఉన్నవాడికి రోడ్డు ఇంకా తెల్లగా, ఆకాశం ఇంకా వెలవెలబోతూ కనిపిస్తుంది.

దీన్ని మనుషుల కళ్లే ముందు పట్టుకున్నాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు మామూలు కెమెరాలతో తీసే ఫోటోల్లో రంగులుంటాయి. కేంద్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంటుంది కనుక రాత్రి ఫోటో తీస్తే ఊరు గీతలుగా సాగిపోతుంది. 2002-03లో అక్కడున్న డాన్ పెటిట్ కేంద్రంలో దొరికిన విడిభాగాలతోనే కెమెరాను ఆ వేగానికి ఎదురు తిప్పే పనిముట్టు తయారుచేసుకున్నాడు. చేతివాటం ఉన్న మెకానిక్ పని అది, శాస్త్రానికి అంత మేలు చేసింది. 2013లో క్రిస్ హాడ్‌ఫీల్డ్ తీసిన బెర్లిన్ చిత్రంలో గోడ కూలి ఇరవయ్యేళ్లు దాటినా తూర్పు సగం పసుపుగా, పడమటి సగం తెల్లగా ఉంది. రెండు ప్రభుత్వాలు వేర్వేరు దీపాలు కొన్నాయి, అవి అప్పటికింకా మారలేదు. ఇటలీలో మిలాన్ నగరం ఎల్‌ఈడీలకు మారక ముందు 2012లో ఒక ఫోటో, మారాక 2015లో సమంతా క్రిస్టోఫొరెట్టి తీసిన ఫోటో పక్కపక్కన పెడితే నడిమి నగరం నారింజ నుంచి తెలుపు-నీలంలోకి తిరిగింది. మాడ్రిడ్‌లో అలెహాండ్రో సాంచెజ్ డి మిగెల్ మొదలుపెట్టిన ‘సిటీస్ ఎట్ నైట్’ అనే పని ఈ వేల ఫోటోలను ఊరి పేర్లతో సహా గుర్తించి దాచింది. 2011 ఆగస్టులో తీసిన మరో ఫోటో మనకు బాగా తెలిసిందే. భారత్-పాకిస్తాన్ సరిహద్దు కంచె మీది ఫ్లడ్‌లైట్లు నారింజ దారంలా సాగి కనిపిస్తాయి. రాత్రిపూట కంటికి కనపడే దేశ సరిహద్దులు ప్రపంచంలో చాలా తక్కువ.

మన లెక్క తేడా కొడుతోందని ముందు అన్నది ఇందుకే. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2012 నుంచి 2021 వరకు దేశంలో రాత్రి వెలుగు ఎలా మారిందో ఒక అట్లాసు ప్రచురించింది. దేశం మొత్తం మీద 43 శాతం పెరిగింది. బీహార్‌లో పెరుగుదల అందరికన్నా ఎక్కువ. ఊరూరా కరెంటు చేరిన దశాబ్దం కాబట్టి బీహార్ సంగతి నమ్మదగ్గదే. కానీ సరిగ్గా ఆ దశాబ్దం మధ్యలో, 2015 జనవరిలో, వీధి దీపాలన్నిటినీ ఎల్‌ఈడీలుగా మార్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. కోటికి పైగా దీపాలు మారాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ముందు వరసలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకట్లో ముంచాక, ఆ నగరం తన వీధి దీపాలను పెద్దఎత్తున ఎల్‌ఈడీలకు మార్చింది. విశాఖ చుక్క ఆ రెండేళ్లలో కాస్త అటూ ఇటూ అయితే అది తుపాను వల్లనా, నగరం పెరగడం వల్లనా, దీపం రంగు మారడం వల్లనా అని విడదీయకుండా ఏ తీర్పూ చెప్పలేం. దేశానికీ అంతే. దీపాలు పరికరం చూడలేని రంగులోకి జరిగిపోతున్న కాలంలో కొలిచిన 43 శాతం అసలు పెరుగుదల కన్నా తక్కువే అయి ఉండాలి. ఆ అంకెను గర్వంగా చెప్పుకున్నవాళ్లు ఈ సంగతి కూడా చెప్పి ఉండవలసింది.

ప్రపంచ స్థాయిలో ఈ తేడా ఎంతో ఒక అంచనా ఉంది. కైబా బృందం 2017లో విర్స్ చిత్రాలు చూసి, 2012-16 మధ్య వెలుగు పరుచుకున్న నేల ఏటా 2.2 శాతం పెరిగిందని చెప్పింది. అదే కైబా 2023లో ఉపగ్రహాన్ని పక్కనపెట్టి, తమకు ఏ నక్షత్రాలు కనిపిస్తున్నాయో సామాన్యులు పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను లెక్కించాడు. ఆకాశం ఏటా 9.6 శాతం వెలుతురెక్కుతోందని తేలింది. 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు 18 ఏళ్లు వచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయి. వందల కోట్ల ఉపగ్రహం కన్నా డాబా మీద నిలబడి నక్షత్రాలు లెక్కపెట్టిన మనిషే నిజానికి దగ్గరగా ఉన్నాడు.

చీకటి పడిపోయిన చోట మాత్రం ఈ చిత్రాల మాటను కాదనడం కష్టం. వెలుగు పెరిగితే నూరు కారణాలుంటాయి, ఉన్నట్టుండి ఆరిపోతే సాధారణంగా ఒకటే ఉంటుంది. సిరియాలో 2011 మార్చి నుంచి 2014 ఫిబ్రవరి మధ్య రాత్రి వెలుగు 74 శాతం పోయిందని వుహాన్ పరిశోధకులు లెక్కగట్టారు. బాగ్దాద్‌లో 2007 నాటి అదనపు బలగాల వల్లే హింస తగ్గిందని అమెరికా చెప్పుకుంది. కానీ జాన్ ఆగ్న్యూ బృందం చూస్తే, బలగాలు రాకముందే సున్నీల పేటలు చీకటైపోయి ఉన్నాయి. తరిమేయడం అప్పటికే ముగిసిందన్నమాట. 2017లో మరియా తుపాను తరువాత ప్యూర్టోరికోలో కరెంటు నెలల తరబడి రాని ఊళ్లు చాలావరకు పల్లెలేనని రోజువారీ చిత్రాలు పట్టిచ్చాయి. 2014 జనవరిలో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన కొరియా చిత్రంలో దక్షిణం మండిపోతుంటే ఉత్తరం సముద్రంలా నల్లగా ఉంది, మధ్యలో ప్యాంగ్యాంగ్ చిన్న దీవి. ఇలాంటి పనిలో ఈ శాస్త్రానికి నా ఓటు నిస్సంకోచంగా వేస్తాను.

సముద్రం మీది వెలుగు గురించి ఒక్క మాట. స్క్విడ్ వేటకు అర్జెంటీనా ఒడ్డుకు దూరంగా చేరే పడవలు రాత్రి ఒక నగరంలా కనిపిస్తాయి, థాయిలాండ్ సింధుశాఖలో ఆకుపచ్చగా మెరుస్తాయి. మన దేశం 2017లో సముద్రంలో ఎల్‌ఈడీ దీపాలతో చేపలు పట్టడాన్ని నిషేధించింది. నిషేధం ఎంత అమలవుతోందో చెప్పగల సాక్షి రోజూ రాత్రి ఒంటిగంటన్నరకు తల మీదుగా పోతూనే ఉంది.

ఇదంతా పక్కనపెడితే, ఆ వెలుగు అసలు పైకెందుకు పోవాలి? 2016లో ఫాబియో ఫాల్చీ బృందం తయారుచేసిన అట్లాసు ప్రకారం ప్రపంచ జనాభాలో 83 శాతం మంది కాంతి కాలుష్యపు ఆకాశం కింద ఉన్నారు, మూడో వంతు మందికి పైగా పాలపుంతను చూడలేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల్లో నగరపు వెలుగుకు దూరంగా రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని పెట్టుకుంది. ఇప్పుడు చీకటి కోసం లడఖ్‌లోని హాన్లే దాకా పోవాలి. దాన్ని 2022లో చీకటి ఆకాశ రిజర్వుగా ప్రకటించి కాపాడుకుంటున్నారు. గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్ల వెలుతురున్న వైపే సముద్రమనుకుంటుంది. తీరం మీద దీపాలుంటే రోడ్డు వైపు పాకుతుంది. దుకాణాలు మూసేశాక కిటికీ దీపాలు ఆర్పాలని ఫ్రాన్సులో నిబంధన ఉంది. మన దగ్గర కాంతి కాలుష్యం మీద ప్రత్యేకించి కేంద్ర చట్టమే లేదు. కోటి దీపాలు మార్చినప్పుడే వాటికి పైన మూత, కాస్త పసుపు ఛాయ ఉండాలని టెండరులో ఒక వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఆదా అయిన కరెంటుతో పాటు ఆకాశమూ మిగిలేది. రాబోయే విడత దీపాలకైనా మున్సిపాలిటీలు ఆ వాక్యం చేర్చాలి.

చివరగా మన విశ్వవిద్యాలయాల భూగోళ, ఆర్థిక శాస్త్ర విభాగాల విద్యార్థులకు ఒక విన్నపం. ఈ చిత్రాలన్నీ ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావిలో రేగిన మంట 65 రోజులు ఆరలేదు. ఏడాది సగటు పటాల్లో నిలకడ లేని మంటలను తీసేస్తారు కాబట్టి దాన్ని రాత్రి రాత్రికీ తీసిన చిత్రాల్లో వెతకాలి. హుద్‌హుద్ తరువాత విశాఖలో ఏ వార్డుకు ఎప్పుడు కరెంటు వచ్చిందో, రాయలసీమలో ఏ మండలం ఎప్పుడు వెలిగిందో మన భాషలో మనమే రాసుకోవచ్చు. కాకపోతే పైనుంచి చూసింది కిందనున్న లెక్కతో సరిచూడాలి. అంటే డిస్కంల దగ్గరున్న ఫీడరువారీ సరఫరా వివరాలు, మున్సిపాలిటీల దగ్గరున్న ఏ వీధిలో ఏ దీపం ఎప్పుడు మార్చారన్న వివరాలు కావాలి. మొదటి సగం అమెరికా ఉచితంగా ఇస్తోంది. రెండో సగాన్ని రెండు తెలుగు ప్రభుత్వాలు బయటపెట్టాలి.